అప్‌డేటు తపాలాలో రాదు

(పింఛనుదార్ల దినోత్సవం సందర్భంగా చిలకలూరిపేటలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పింఛను అనేది ప్రభుత్వం దయతలచి వేసే భిక్ష కాదని, చేసిన సేవకు దక్కే హక్కని ఆ తీర్పుతో తేలింది. ఏటా ఈ సభలో ఆ తీర్పు గురించి, కరువు భృతి బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి పెద్దలు మాట్లాడతారు. ఇప్పుడే మాట్లాడారు కూడా. కార్యదర్శి గారు నాకు వేరే పని అప్పగించారు. ఆ హక్కు బ్యాంకు ఖాతాలో పడిన తరువాత అది మన దగ్గరే ఉండేటట్లు చూసుకోవడం ఎట్లాగో, ముఖ్యంగా అప్‌డేటు పేరున వచ్చే దొంగ ఈ-మెయిళ్ళను ఎట్లా పసిగట్టాలో చెప్పమన్నారు.

నేను కంప్యూటరు ఇంజనీరును కాను. 1972లో గుమాస్తాగా చేరి 2009లో పదవీ విరమణ చేసినవాణ్ణి. అందులో పదకొండేళ్ళు తపాలు సీటులో ఉన్నాను. ఈ విషయం మాట్లాడటానికి నాకు ఆ పదకొండేళ్ళే అర్హత అనుకుంటున్నాను. ఎందుకంటే ఈ-మెయిలు కూడా తపాలే.

మొన్న నవంబరులో నాకు ఒక మెయిలు వచ్చింది. ఇంగ్లీషులో ఉంది, సారాంశం మనవి చేస్తాను. "ప్రియమైన వినియోగదారునికి. మీ విండోసు గడువు తీరినది. 24 గంటలలోగా దీనితో జతపరచిన అత్యవసర అప్‌డేటును నడపని యెడల మీ ఫైళ్ళన్నియు పోవును." పైన మైక్రోసాఫ్టు కంపెనీ నాలుగు రంగుల గళ్ళ గుర్తు ఉంది. కింద అమెరికా చిరునామా ఉంది. ఒక ఎన్‌క్లోజరు ఉంది.

తపాలు సీటులో కూర్చున్నవాడు కాగితం రాగానే చదవడు. ముందు చూస్తాడు. ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరి ద్వారా వచ్చింది, సూచిక నంబరు ఉందా, తేదీ ఉందా, ఎవరి పేరున వచ్చింది, జతపరచినవి ఎన్ని. ఇవన్నీ ఇన్‌వర్డు రిజిస్టరులో ఎక్కించిన తరువాతే లోపలి విషయం. నేను ఆ మెయిలును అట్లాగే చూశాను.

"ప్రియమైన వినియోగదారునికి" అట. ప్రభుత్వం నాకు రాసిన ప్రతి మెమోలో నా పేరుంది, హోదా ఉంది. ఒక్కోసారి పేరు తప్పుగా ఉండేది గాని, అసలు లేకుండా ఎన్నడూ లేదు. ఇక 24 గంటల గడువు. "అత్యవసరం" అని ఎర్రసిరాతో రాసిన ఫైళ్ళు నా సర్వీసులో వందల కొద్దీ చూశాను. వాటిలో ఒక్కటి కూడా 24 గంటల్లో కదలగా నేను చూడలేదు. నిజమైన ఆఫీసు ఏదీ అంత తొందరపెట్టదు. తొందరపెట్టేవాడికి మనం ఇంకొకరిని అడిగే వ్యవధి ఇవ్వడం ఇష్టం ఉండదు.

పంపినవారి పేరు అని పైన కనబడేది లెటర్‌హెడ్డు వంటిది. ఎవరైనా అచ్చు వేయించుకోవచ్చు. ఆ పేరు మీద వేలు పెట్టి నొక్కితే అసలు చిరునామా బయటపడుతుంది. దాన్ని చదవడంలో ఒక మెళకువ ఉంది. మన పేటలో నరసరావుపేట రోడ్డు ఉంది. ఆ రోడ్డు మీద ఉన్న ఇల్లు నరసరావుపేటలో ఉన్నట్లు కాదు గదా, చిలకలూరిపేటలో ఉన్నట్లే. చిరునామాలో ఊరు చివర ఉంటుంది. ఈ-మెయిలు చిరునామాలోనూ అంతే. మైక్రోసాఫ్టు అనే మాట మొదట్లోనో మధ్యలోనో ఉంటే అది రోడ్డు పేరు. సాధారణంగా చివరి చుక్కకు ఇటూ అటూ ఉన్న మాటలు రెండూ కలిపి ఊరు. నాకు వచ్చిన దానిలో మైక్రోసాఫ్టు అనే మాట రోడ్డు పేరుగానే ఉంది, ఊరు ఏదో నోరు తిరగనిది. మన ప్రభుత్వ ఆఫీసులకైతే ఆ ఊరు "గవ్ డాట్ ఇన్" అని గాని, "నిక్ డాట్ ఇన్" అని గాని ముగుస్తుంది. చూడటానికి అదేలాగా ఉండి, మధ్యలో అడ్డగీత పెట్టి, చివర ఇంకేదో తగిలించి ఉంటే అది వేరే ఊరు.

అయితే ఇక్కడ ఒక మాట. చిరునామా తప్పుగా ఉంటే అది దొంగదని ఖాయం. చిరునామా సరిగా ఉన్నంత మాత్రాన మంచిదని మాత్రం ఖాయం కాదు. పంపిన చోటు పేరును కూడా దొంగలు ఫోర్జరీ చేయగలరు. లేదా మన స్నేహితుని మెయిలు పెట్టెలో జొరబడి అక్కడి నుంచే మనకు పంపగలరు. కనుక ఈ పరీక్షలన్నీ సగం పనివే. పూర్తి పరీక్ష వేరే ఉంది, అది చాలా సులువు. అక్కడికే వస్తున్నాను.

ముందు ఎన్‌క్లోజరు సంగతి. ఉత్తరం చదివినంత మాత్రాన సాధారణంగా ఏమీ కాదు. ప్రమాదమంతా జతపరచిన దానిలో, లేదా "ఇక్కడ నొక్కండి" అని ఇచ్చిన దారిలో ఉంటుంది. మనలో మనిషికి ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనుక. కంప్యూటరులో ఫైలుకు ఇంటిపేరు వెనుక, చిట్టచివరి చుక్క తరువాత ఉంటుంది. పి.డి.ఎఫ్. అనే ఇంటిపేరు గలది కాగితం. జె.పి.జి. ఇంటిపేరు గలది ఫొటో. ఇ.ఎక్స్.ఇ. అనే ఇంటిపేరు గలది కాగితమూ కాదు, ఫొటో కూడా కాదు. అది పనిమనిషి. మీరు తలుపు తీశారంటే లోపలికి వచ్చి, ఎవడో చెప్పి పంపిన పని మొదలుపెడుతుంది. ఎం.ఎస్.ఐ., వి.బి.ఎస్., జె.ఎస్. అనేవి దాని దాయాదులు.

చిక్కేమిటంటే విండోసులో సాధారణంగా ఈ ఇంటిపేరు కనబడకుండా దాచిపెట్టి ఉంటుంది. అందుచేత దొంగ ఫైలుకు రెండు ఇంటిపేర్లు పెడతారు. "బిల్లు డాట్ పి.డి.ఎఫ్. డాట్ ఇ.ఎక్స్.ఇ." అని. చివరిది దాగిపోయి మనకు పి.డి.ఎఫ్. ఒక్కటే కనబడుతుంది. 2000 మే 4న ప్రపంచమంతా గగ్గోలెత్తించిన ప్రేమలేఖ వైరసు చేసింది ఇదే. ప్రేమలేఖ అనే పేరు, తరువాత టి.ఎక్స్.టి., దాని వెనుక దాగిన వి.బి.ఎస్. ఎవరో మనకు ప్రేమలేఖ రాశారనుకుని ఆఫీసుల్లో పెద్ద పెద్ద హోదాల వాళ్ళే తెరిచారు. మీ కంప్యూటరులో ఫైళ్ళు చూసే కిటికీలో "వ్యూ" అనే చోట "ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్" అని ఉంటుంది. అక్కడ టిక్కు పెట్టించుకోండి. ఇంటిపేర్లన్నీ బయటపడతాయి. మీ మనుమడికి అర నిమిషం పని.

ఇంకో రకం ఎన్‌క్లోజరు ఉంది. జిప్ అనే మూట. మూటకు తాళం వేసి, తాళంచెవి, అంటే పాసువర్డు, ఉత్తరంలోనే రాస్తారు. తాళం వేసింది మన క్షేమం కోసం అనిపిస్తుంది. అసలు కారణం, దారిలో ఉన్న యాంటీవైరసు కాపలాదారు మూట విప్పి చూడలేకుండా చేయడం. తాళంచెవి కవరు మీదే అంటించి పంపిన పెట్టెను మనం తపాలు సీటులో అయితే ఏం చేసేవాళ్ళమో ఆలోచించండి. నాకు వచ్చింది ఈ రకమే.

ఇప్పుడు అసలు పరీక్ష. సాఫ్ట్‌వేరు అప్‌డేటు అనేది ఉత్తరానికి జతచేసి రాదు. మైక్రోసాఫ్టు కంపెనీ ఈ-మెయిలుకు జతపరచి సాఫ్ట్‌వేరు పంపదు. అది వాళ్ళు ఎప్పటినుంచో చెబుతున్న నియమం. మరి నిజమైన అప్‌డేటు ఎట్లా వస్తుంది? మీ కంప్యూటరు తనంత తానుగా తన కంపెనీని అడుగుతుంది, కొత్తది ఏమైనా ఉందా అని. మైక్రోసాఫ్టు వారు ప్రతి నెలా రెండో మంగళవారం అమెరికా పగటిపూట విడుదల చేస్తారు, మనకు అప్పటికి రాత్రి అవుతుంది. కంప్యూటరు దాన్ని తెచ్చుకుని, దాని మీద ఉన్న డిజిటలు సంతకాన్ని సరిచూసుకుంటుంది. ట్రెజరీలో డ్రాయింగు ఆఫీసరు సంతకాన్ని స్పెసిమను కార్డుతో పోల్చి చూసేవారు, జ్ఞాపకం ఉందా? ఒక్క వంపు తేడా వచ్చినా బిల్లు వెనక్కి కొట్టేవారు. అదే పని యంత్రం చేస్తుంది. సరిపోతేనే లోపలికి రానిస్తుంది. అదే ఫైలును మీరు ఉత్తరంలోంచి తీసి చేత్తో తెరిచారనుకోండి, సరిచూసే బాధ్యత మీ మీద పడుతుంది. యంత్రం "ఇది ఎవరిదో తెలియదు, తెరవమంటారా" అని అడ్డుపడినా "సరే" అని నొక్కేది మీరే.

కనుక చిరునామా చూడటం, భాష చూడటం, గుర్తు చూడటం అన్నీ మరిచిపోయినా ఫరవాలేదు. అప్‌డేటు అని చెప్పుకుంటూ ఉత్తరంలో ఏది వచ్చినా అది అప్‌డేటు కాదు. నిజంగా ఉందేమో అని అనుమానం వస్తే ఉత్తరం మూసేసి, మీరే సెట్టింగ్స్‌లోకి వెళ్ళి "విండోస్ అప్‌డేట్" అనే చోట చూడండి. ఫోనుకైతే సెట్టింగ్స్‌లో గాని ప్లే స్టోరులో గాని చూడండి. ఆఫీసుకు మనకు తెలిసిన దారిన మనం నడిచి వెళ్ళాలి. ఉత్తరంలో ఇచ్చిన దారిన కాదు.

ఈ మోసం కొత్తది కాదు. 2003 సెప్టెంబరులో స్వెన్ అనే పేరుతో ఒక వైరసు బయలుదేరింది. అచ్చం మైక్రోసాఫ్టు వారి సెక్యూరిటీ బులెటిను లాగా, వాళ్ళ గుర్తులతో, కాపీరైటు వాక్యాలతో సహా మెయిలు వచ్చేది. జతపరచిన దాన్ని తెరిస్తే "మైక్రోసాఫ్టు సెక్యూరిటీ అప్‌డేటును ఎక్కించమంటారా, అవునా, కాదా" అని అడిగేది. "కాదు" అని నొక్కినా అది ఎక్కేది! చప్పుడు లేకుండా ఎక్కేది, అంతే తేడా. తెరవడంతోనే కథ అయిపోయింది. 2020 అక్టోబరులో ఎమోటెట్ అనే ముఠా వారు వర్డు కాగితం పంపారు. కాగితం తెరిస్తే లోపల "విండోస్ అప్‌డేట్" అనే బొమ్మ, "పూర్తిగా కనబడాలంటే ఎనేబుల్ కంటెంట్ నొక్కండి" అని సూచన. అది నొక్కితే కాగితం పనిమనిషి అయిపోతుంది. 2021 జనవరిలో యూరపు, అమెరికా పోలీసులు కలిసి ఆ ముఠా యంత్రాలను పట్టుకున్నారు. ఆ ఏడాది ముగియకముందే మళ్ళీ తలెత్తింది.

మన ప్రాంతం వాళ్ళకు ఇది అర్థం కావడం కష్టం కాదు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ పత్తిని ఊడ్చివేసింది. ఆ రోజులు ఈ సభలో చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటాయి. రైతు మందు మీద మందు కొట్టాడు. ఏ మందు అంటే ఆ మందు, ఎవరు ఇస్తే వాళ్ళ దగ్గర, అప్పు పెట్టి కొన్నాడు. నకిలీ మందుల మీద అర్జీలు మా ఆఫీసుకు కూడా వచ్చాయి, నేనే రిజిస్టరులో ఎక్కించాను. తెగులు ఎక్కడ పడితే నకిలీ మందు అక్కడికి వస్తుంది. డబ్బా మీద బొమ్మ అదే, అక్షరాలు అవే. భయంలో ఉన్నవాడు డబ్బా తిప్పి చూడడు.

2024 జూలై 19న అచ్చం అదే జరిగింది. క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా కంపెనీ పంపిన నిజమైన అప్‌డేటులోనే లోపం ఉండి, ప్రపంచంలో 85 లక్షల విండోసు కంప్యూటర్లు నీలిరంగు తెర చూపించి ఆగిపోయాయి. విమానాలు నిలిచిపోయాయి. శంషాబాదులో హైదరాబాదు నుంచి కలకత్తా వెళ్ళే ప్రయాణికునికి చేత్తో రాసిన బోర్డింగు పాసు ఇచ్చారు, ఆ ఫొటో దేశమంతా చూసింది. (ఆ కాగితం చూసి నాకు కొంచెం సంతోషం కలిగిందని ఒప్పుకుంటాను. చేతిరాత గుమాస్తా అవసరం ఇంకా తీరలేదు.) కంప్యూటర్లు ఆగిన వెనువెంటనే, వాటిని బాగుచేసే మందు ఇదిగో అంటూ దొంగ మెయిళ్ళు, దొంగ ఫోన్లు మొదలయ్యాయి. మన దేశంలో కంప్యూటరు భద్రత చూసే సెర్ట్-ఇన్ సంస్థ ఆ నెలలోనే హెచ్చరిక జారీ చేసింది. కనుక పత్రికలో పెద్ద కంప్యూటరు గొడవ చదివిన వారం రోజుల్లో మీకు మెయిలు వస్తే, ఆ వారం మరింత జాగ్రత్తగా ఉండాలి.

మనలో చాలామందికి కంప్యూటరు లేదు, ఫోను ఉంది. అక్కడ ఈ మోసం వాట్సాప్ దారిన వస్తుంది. ఫోనులో పనిమనిషి ఇంటిపేరు ఏపీకే. ఆంధ్రప్రదేశ్‌కే అని కాదు సుమా, అన్ని రాష్ట్రాలకూ వస్తోంది. ట్రాఫిక్ చలానా అని, పి.ఎం. కిసాన్ అని, బ్యాంకు యాపు కొత్త వెర్షను అని, చివరకు పెళ్ళి శుభలేఖ అని కూడా వస్తోంది.

మన సంఘ సభ్యులు ఒకరి సంగతి వారి అనుమతితోనే చెబుతున్నాను. పేరు చెప్పను, వారు ఈ సభలోనే ఉన్నారు. మన రాష్ట్ర పింఛనుదార్లు జనవరి, ఫిబ్రవరి నెలల్లో లైఫ్ సర్టిఫికెట్టు ఇస్తారు గదా. ఆ రోజుల్లోనే వారికి వాట్సాప్‌లో సందేశం వచ్చింది. బ్యాంకు యాపు పాతదైపోయిందని, రేపు సాయంత్రంలోగా అప్‌డేటు చేయకపోతే ఖాతా ఆగిపోతుందని, సర్టిఫికెట్టు కూడా నమోదు కాదని. కింద ఏపీకే ఫైలు. వారు తెరిచారు. ఫోను ఒకసారి అడ్డుపడింది. "తెలియని చోటు నుంచి వచ్చింది" అన్నది. సరే అన్నారు. "ఎస్సెమ్మెస్సులు చదవడానికి అనుమతి ఇస్తారా" అన్నది. బ్యాంకు యాపే గదా అని ఇచ్చారు. ఆ రాత్రి ఒక లక్షా ఎనభై ఆరు వేలు మూడు విడతలుగా వెళ్ళిపోయాయి.

తరువాత ఆయన నాతో అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "అన్నయ్యగారూ, నేను ఆ ఓటీపీ ఎవరికీ చెప్పలేదండీ. మా అబ్బాయికి కూడా చెప్పలేదు. ఒట్టు." నిజమే, ఆయన చెప్పలేదు. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని బ్యాంకుల వాళ్ళు పదేపదే చెప్పారు, ఆయన దాన్ని అక్షరాలా పాటించారు. చెప్పింది ఫోను. ఎస్సెమ్మెస్సు చదివే అనుమతి పుచ్చుకున్న ఆ దొంగ యాపు, ఓటీపీ రాగానే చదివి, ఆ క్షణాన్నే దొంగకు చేరవేసింది. కొన్ని యాపులైతే సందేశం మన కంట పడకుండా దాచేస్తాయి కూడా. ఓటీపీ అడిగేవాడే దొంగ అనుకుంటూ కూర్చుంటే, అడగకుండానే తీసుకునేవాడు వచ్చాడు. దీన్ని మీ ఇళ్ళలో అందరికీ చెప్పండి. ఇది చాలామందికి ఇంకా తెలియదు.

అంతకంటే నన్ను బాధపెట్టింది ఇంకొకటి. ఆయన తొమ్మిది రోజులు ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో చెబితే కొడుకు ఏమంటాడో, కోడలు ఏమనుకుంటుందో అని. "ఇంకనుంచి పాసుపుస్తకం నాకిచ్చెయ్యి నాన్నా" అంటారేమో అని. భోజనం సరిగా చేయలేదు, సాయంత్రం నడకకు రాలేదు. షుగరు ఎక్కువైందేమో అనుకున్నాం మేమంతా. తొమ్మిదో రోజున నాకు చెబితే, అప్పుడు 1930కి ఫోను చేశాం. ఇరవై రెండు వేలు ఎక్కడో ఒక ఖాతాలో ఆపగలిగారు. మిగతావి అప్పటికే ఆరేడు చేతులు మారి వెళ్ళిపోయాయి. మొదటి గంటలో చేసి ఉంటే ఎంత ఆగేదో నేను చెప్పలేను గాని, ఇంతకంటే ఎక్కువే ఆగి ఉండేది.

ఇక్కడ కుటుంబ సభ్యులు కూడా ఉన్నారు గనుక ఒక మాట అనడానికి సాహసిస్తున్నాను. పెద్దవాళ్ళు ఇటువంటిది చెప్పినప్పుడు మీ నోటి నుంచి వచ్చే మొదటి వాక్యం చాలా ఖరీదైనది. "ఎందుకు నొక్కావు" అని అడిగితే, రెండోసారి ఆ ఇంట్లో ఎవరూ చెప్పరు. నలభై ఏళ్ళు పైసా తేడా రాకుండా క్యాషు పుస్తకాలు రాసినవాళ్ళకు ఈ అవమానం ఎంత బరువో, దయచేసి ఆలోచించండి.

ఇంత విన్న తరువాత కొందరికి ఒక ఆలోచన వస్తుంది. అసలు అప్‌డేటు అనే మాటే వద్దు, ఏదీ ముట్టుకోను అని. అది ఇంకో ప్రమాదం. 2017 మే 12, శుక్రవారం నాడు వన్నాక్రై అనే వైరసు 150 దేశాలకు పైగా కంప్యూటర్లను తాళం వేసి, ఒక్కో యంత్రానికి 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టమని అడిగింది. ఇంగ్లండులో ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపవలసి వచ్చింది. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లకు కూడా తగిలింది, అందులో మన గుంటూరు జిల్లా కూడా ఉంది. అది ఎవరూ ఏ ఉత్తరమూ తెరవకుండానే, విండోసులో ఉన్న ఒక కంతలోంచి ఒక యంత్రం నుంచి ఇంకొక యంత్రానికి పాకిపోయింది. ఆ కంతను పూడ్చే నిజమైన అప్‌డేటును మైక్రోసాఫ్టు వారు 2017 మార్చి 14నే ఇచ్చారు. రెండు నెలలు ముందు! అది వేసుకున్న యంత్రం నిలబడింది, వేసుకోనిది పడిపోయింది. దొంగ టీకా వేసేవాడు ఊళ్ళో తిరుగుతున్నాడని అసలు టీకా మానేయడం తెలివి కాదు.

అందుకే నాకు వచ్చిన మెయిలులో ఒక నిజం కూడా ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్టు వారు 2025 అక్టోబరు 14తో మామూలు అప్‌డేట్లు ఆపేశారు. మన ఇళ్ళలో పిల్లలు వాడి వదిలేసిన ల్యాప్‌టాపులు చాలావరకు అదే. దొంగ ఉత్తరంలో ఎప్పుడూ ఇట్లాగే ఒక నిజం కలిపి ఉంటుంది. అది లేకపోతే మనం నమ్మం గదా. అయితే దానికి పరిష్కారం ఆ జిప్ మూట కాదు. సెట్టింగ్స్‌లోకి వెళితే, యంత్రం తగినదైతే విండోస్ 11 ఉచితంగా ఇస్తానని అదే చెబుతుంది. తగనిదైతే 2026 అక్టోబరు 13 వరకు అదనపు భద్రతా అప్‌డేట్లకు నమోదు చేసుకునే వీలు కూడా అక్కడే కనబడుతుంది. ఇంకా పాతది, విండోస్ 7 వంటిది ఉంటే, దానికి 2020 జనవరిలోనే అప్‌డేట్లు ఆగిపోయాయి. దాని మీద బ్యాంకు పని చేయకండి. భాగవతం వినండి, పాత సినిమాలు చూడండి, అభ్యంతరం లేదు.

పి.పి.ఓ., సర్వీసు కాగితాలు, పొలం కాగితాలు, ఇంట్లో వాళ్ళ ఫొటోలు కంప్యూటరులో ఉంటే వాటికి ఇంకో ప్రతి పెన్‌డ్రైవులో ఎక్కించి, దాన్ని యంత్రానికి తగిలించి ఉంచకుండా బీరువాలో పెట్టండి. తగిలించి ఉంచితే తాళం వేసేవాడు దానికీ వేస్తాడు. ఆఫీసు కాపీ అనేది ఎందుకు పెట్టేవాళ్ళమో మీకు నేను చెప్పనక్కరలేదు.

నా మాటలు ఇంతటితో ముగించాను గాని, సభ్యులు రెండు ప్రశ్నలు అడిగారు. సంపాదకుల కోరికపై వాటిని కూడా ఇక్కడ చేరుస్తున్నాను.

మొదటిది, ఇప్పటికే తెరిచేసి ఉంటే ఏం చేయాలి అని. కంప్యూటరైతే ముందు ఇంటర్నెట్టు తీగ పీకేయండి, వైఫై అయితే ఆపేయండి. ఫోనైతే ఏరోప్లేను గుర్తు నొక్కండి, వైఫై కూడా ఆగిందో లేదో చూడండి, అప్పుడే బయటికి పోయే దారి తెగిపోతుంది. తరువాత ఇంకొకరి ఫోను నుంచి బ్యాంకుకు ఫోను చేసి ఖాతాను ఆపించండి. బ్యాంకు నంబరు పాసుపుస్తకం మీదిది గాని, ఏ.టి.ఎం. కార్డు వెనుక ఉన్నది గాని చూసి చేయండి. సందేశంలో ఇచ్చినదీ, తెర మీద మెరిసేదీ కాదు. వెంటనే 1930కి చెప్పండి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేసి నంబరు రాసుకోండి. ఆ మెయిలును కోపంతో చెరిపేయకండి, అది సాక్ష్యం. పాసువర్డులు వేరే యంత్రం నుంచి మార్చండి, అదే యంత్రం నుంచి మారిస్తే కొత్తవి కూడా దొంగకు చేరతాయి. బ్యాంకుకు రాతపూర్వకంగా కూడా ఇచ్చి, రసీదు పుచ్చుకోండి, దాని మీద తేదీ, వేళ ఉండాలి. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6 నాటి సర్క్యులరులో, ఖాతాదారు తెలియపరచిన తరువాత జరిగే నష్టాన్ని బ్యాంకే భరించాలని రాసింది. కనుక ఆ రసీదు మీద ఉన్న వేళకు విలువ ఉంది.

రెండో ప్రశ్న ఫ్యామిలీ పింఛను తీసుకుంటున్న ఒక సోదరి అడిగారు. "మా వారు ఉన్నప్పుడు కంప్యూటరు ఆయనే చూసుకునేవారండీ. ఇప్పటికీ మెయిళ్ళన్నీ ఆయన పేరునే వస్తున్నాయి. అప్‌డేటు చేయమని రోజూ ఏదో ఒకటి. ఆయన పేరు చూసి తీసేయలేకపోతున్నాను. ఏం చేయమంటారు?"

తీసేయనక్కరలేదమ్మా. ఆ పెట్టెలో వారి బ్యాంకు కాగితాలు, బీమా కాగితాలు కూడా ఉండవచ్చు, అవి మీకు కావాలి. వారు రాసుకున్నవి, దాచుకున్నవి ఉంటాయి, అవీ మీకు కావాలి. అప్‌డేటు అన్నవి మాత్రం తెరవకండి, వారి పేరున్నా సరే. సోమవారం ఉదయం పది గంటలకు ఆ కంప్యూటరును మీ అబ్బాయి చేత సంఘం ఆఫీసుకు పంపండి. ముందు కావలసినవన్నీ పెన్‌డ్రైవులో ఎక్కిద్దాం, తరువాత మిగతా సంగతి చూద్దాం. నేను పదింటికల్లా అక్కడ ఉంటాను.